పెట్టె మీది అంకె, వెనక గదికి అందే వేగం: ఇంటి వైఫై పరికరాల సమీక్ష

వైఫై రౌటర్ పెట్టె మీద ఏఎక్స్ 1800 అనో, ఏఎక్స్ 3000 అనో, ఏఎక్స్ 5400 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొనేవారిలో చాలామంది రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టి చూసి, పెద్ద అంకె ఉన్నదే మంచిదన్న నిర్ణయానికి వస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే ఆ నిర్ణయం నిలవదు. ఏఎక్స్ అంటే వైఫై 6 తరం. ఏఎక్స్ 3000లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, అంటే ఆ రేడియో తరంగాల పట్టీకి, సెకనుకు 574 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 2402 మెగాబిట్లు. రెండూ కూడితే 2976 వస్తుంది, దాన్నే 3000గా సవరించి అచ్చువేస్తారు. మామూలు ఫోను ఒక సమయంలో ఏదో ఒక బ్యాండు మీదే నడుస్తుంది కాబట్టి ఈ మొత్తం ఏ ఒక్క పరికరానికీ దక్కదు. ఆ 2402 కూడా, 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ దొరికి, దాన్ని వాడుకునే శక్తి ఫోనుకు ఉండి, ఫోను రౌటర్‌కు బాగా దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే కనిపించే లింకు వేగం, అంటే ఫోనూ రౌటరూ తమ మధ్య కుదుర్చుకునే వేగం. 80 మెగాహెర్ట్జ్ దాకా మాత్రమే పనిచేసే ఫోనులు చాలా ఉన్నాయి, వాటికి లింకు వేగం 1201 దగ్గర ఆగిపోతుంది. గాలిలో ఒక పరికరం మాట్లాడుతున్నంతసేపు మిగతావి ఆగాలి కనుక, ఆ నిరీక్షణకు పోయే సమయం తీసేస్తే ఫైలు నిజంగా దిగే వేగం లింకు వేగంలో సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య తేలుతుంది. ఏఎక్స్ 5400లో 5 గిగాహెర్ట్జ్ వాటా 4804గా కనిపించడానికి కారణం నాలుగు ధారలు, అంటే ఒకేసారి పక్కపక్కన నడిచే నాలుగు డేటా ప్రవాహాలు. ఫోనుల్లో సాధారణంగా ఉండేవి రెండే.

రెండంతస్తులు, మందమైన కాంక్రీటు గోడలు ఉన్న ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చిన పెట్టెను, గోడ ప్లగ్గులో పెట్టే రిపీటర్‌ను, మూడు యూనిట్ల మెష్ సెట్టును, కేబుల్ లాగి దాని కొసన పెట్టిన యాక్సెస్ పాయింట్లను (కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా ఇచ్చే పరికరాలను) ఒకదాని తర్వాత ఒకటిగా వాడి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. నా తీర్పు ముందే చెబుతాను. వెనక గదికి అందే వేగాన్ని నిర్ణయించేది రౌటర్ తరగతి కంటే, రౌటర్‌కూ ఆ గదికీ మధ్య ఉన్న దారి. ఖర్చుపెట్టదలచుకున్న డబ్బులో మొదటి భాగం ఆ దారికి, అంటే కేబుల్‌కూ పరికరాన్ని ఉంచే చోటుకూ పోవాలి. కొత్త రౌటర్ సంగతి ఆ తర్వాతది.

కనెక్షన్‌తో వచ్చే పెట్టెను చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు గాని, అది అన్ని సందర్భాల్లోనూ న్యాయం కాదు. ఒకటి రెండు గదుల ఇంటికి, వాడేవారు ముగ్గురు నలుగురు ఉన్నచోట, వైఫై 5 లేదా వైఫై 6 ఉన్న పెట్టె సరిపోతుంది. దాని అసలు లోపం, ఫైబర్ తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే అది కూర్చోవడం. ఆ చోటు చాలా ఇళ్లలో ఒక మూలగా, వీధి వైపు గోడను ఆనుకొని, తలుపు వెనకో టీవీ బల్ల కిందో ఉంటుంది. అంటే సిగ్నల్‌లో దాదాపు సగం ఇంటి బయటికే పోతుంది. కొత్త పరికరం కొనే ముందు చేయవలసిన పని, ఆ పెట్టె నుంచి ఇంటి నడిమికి ఒక కేబుల్ లాగి, అక్కడ రౌటర్ పెట్టడం. అప్పుడు పాత పెట్టెను, అది రౌటర్ పని మానేసి ఇంటర్నెట్‌ను కొత్త రౌటర్‌కు అందించడం మాత్రమే చేసే బ్రిడ్జ్ మోడ్‌కు మార్చమని కనెక్షన్ ఇచ్చినవారిని అడగాలి, లేదా కొత్త రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోవాలి. ఈ రెండింటిలో ఏదీ చేయకపోతే రెండు పెట్టెలూ చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. బ్రౌజింగ్‌కు తేడా తెలియదు గాని, ఆన్‌లైన్ ఆటలకూ, బయటి నుంచి ఇంటి కెమెరా చూడటానికీ తరచుగా అంతరాయం కలుగుతుంది.

రిపీటర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది విన్న మాటను మళ్లీ గట్టిగా చెప్పే పరికరం. వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియోను వాడితే వేగం కనీసం సగానికి పడిపోతుంది. పైగా సిగ్నల్ అందని గదిలోనే దాన్ని పెడతారు కనుక, దానికి వినిపించేదే అరకొరగా ఉంటుంది. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం ఆగుతూనే ఉంటుంది. ఆ గీతలు ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య ఉన్న బలాన్ని చూపిస్తాయే తప్ప, రిపీటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్నదాన్ని చూపించవు. అప్పుడప్పుడు సందేశాలు పంపే గదికి, ఒక స్మార్ట్ ప్లగ్గుకు అది చాలు. ఆఫీసు పని చేసుకునే గదికి నేను సిఫారసు చేయను.

మెష్ సెట్టు సంగతి కొంత విపులంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువమంది డబ్బు పోసేది దీని మీదే. రెండో మూడో ఒకేలాంటి యూనిట్లు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఇల్లంతా వైఫై ఇస్తాయి. అమర్చడం సులభం, చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఫోనులోని యాప్ అడిగినవాటికి జవాబులిస్తూ పోతే పని పూర్తవుతుంది. అయితే ఈ యూనిట్లు తమలో తాము మాట్లాడుకునే దారి, అంటే బ్యాక్‌హాల్, ఎలాంటిదన్న దాని మీదే సెట్టు విలువంతా ఆధారపడి ఉంటుంది. రెండు బ్యాండుల సెట్టులో యూనిట్ల మధ్య సంభాషణకూ, మీ ఫోనుతో సంభాషణకూ ప్రధానంగా 5 గిగాహెర్ట్జ్ బ్యాండే ఆధారం కాబట్టి, అది రిపీటర్ కంటే తెలివైనదే అయినా రిపీటర్‌కున్న మౌలికమైన ఇబ్బంది దానికీ ఉంది. మూడు బ్యాండుల సెట్టులో ఒక బ్యాండును యూనిట్ల మధ్య సంభాషణకు ప్రత్యేకించగలరు కనుక పై గదిలో వేగం స్పష్టంగా మెరుగ్గా ఉంటుంది. నేను వాడిన సెట్టు రెండు బ్యాండులది. ప్రధాన యూనిట్ ఉన్న గదిలో అది ఎంత బాగా పనిచేసిందో, పై అంతస్తులో వీడియో కాల్ నడుస్తుండగా పక్క గదిలో ఎవరైనా సినిమా పెడితే అంతగా తడబడింది. అవే యూనిట్లను కేబుల్‌తో కలిపిన మరుక్షణం ఆ తడబాటు పోయింది. యూనిట్లూ ఫోనులూ అవే, మారినది మధ్యలోని దారి ఒక్కటే.

మెష్ యూనిట్‌ను ఉంచే చోటు విషయంలో అమ్మేవారు కూడా సరిగా చెప్పరు. సిగ్నల్ రాని గదిలో పెట్టమంటారు. పెట్టవలసింది ఆ గదికీ ప్రధాన యూనిట్‌కూ మధ్య, ఇంకా సిగ్నల్ బాగానే అందుతున్న చోట. ఫోనులో సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే యాప్ ఒకటి వేసుకుంటే పని తేలికవుతుంది: మైనస్ 50 డీబీఎం చాలా బాగున్నట్టు, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఫరవాలేదు, మైనస్ 80కి పడిపోతే కనెక్షన్ పేరుకే ఉన్నట్టు. అదనపు యూనిట్‌ను మైనస్ 60 ప్రాంతంలో పెడితే మంచి ఫలితం ఉంటుంది. మూడు యూనిట్ల సెట్టు రెండింటి కంటే ఎప్పుడూ మెరుగన్నదీ నిజం కాదు. చిన్న ఇంట్లో మూడో యూనిట్ మిగతా రెండింటితో ఒకే ఛానెల్ మీద పోటీపడి వాటిని ఆపుతుంది.

గదులు మారినప్పుడు ఫోను దగ్గరి యూనిట్‌కు తనంతట తానే మారుతుందని పెట్టె మీద రాస్తారు. మారాలా వద్దా అన్నది నిర్ణయించేది ఫోను, 802.11కె, వి, ఆర్ అనే ప్రమాణాల ద్వారా మెష్ దానికి సలహా ఇవ్వగలదు, మారే సమయాన్ని తగ్గించగలదు, అంతే. పాత ఫోనులు మొదట పట్టుకున్న యూనిట్‌నే చివరిదాకా వదలకుండా ఉంటాయి. ఇది పరికరం లోపమని భావించి సెట్టును తిరిగి ఇచ్చేసేవారు కొనే ముందే ఈ విషయం తెలుసుకోవడం మంచిది.

ఈ సెట్టు విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. కంపెనీ ఖాతాతో యాప్‌లో లాగిన్ కాకుండా అందులో ఏ సెట్టింగునూ మార్చడానికి వీలు లేదు. ఇంటర్నెట్ ఆగిపోయిన రోజున, అంటే సెట్టింగులు చూడవలసిన అవసరం ఎక్కువగా ఉన్న రోజున, ఆ యాప్ తెరుచుకోలేదు. మనం డబ్బిచ్చి కొని మన ఇంట్లో పెట్టుకున్న పరికరంలోకి మనం వెళ్లడానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి కావలసి రావడం నాకు సమ్మతం కాదు. బ్రౌజర్‌లో చిరునామా కొట్టి నేరుగా తెరవగలిగే సెట్టింగుల పేజీ ఉన్నదా లేదా అన్నది కొనే ముందు తప్పక చూడండి.

ఇక కేబుల్. ఇంట్లో తీగలు లాగడమంటే చాలామందికి విసుగు, కొందరికి గోడలు పాడవుతాయన్న భయం. అయినా పెట్టిన డబ్బుకు ఇంత ఫలితమిచ్చే వస్తువు ఈ మొత్తం వ్యవహారంలో ఇంకొకటి లేదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 దాదాపు 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు, క్యాట్ 6ఏ 100 మీటర్ల దాకా 10 గిగాబిట్లు మోయగలవు. ఇంటి కొలతల్లో క్యాట్ 6 ధారాళంగా సరిపోతుంది. అంతకు మించిన అంకెలు చూపించి ఎక్కువ ధర అడిగితే ఇవ్వనక్కర్లేదు. గమనించవలసింది లోపలి లోహాన్ని. అల్యూమినియం మీద పలచగా రాగి పూత వేసిన తీగలను సీసీఏ పేరుతో అమ్ముతారు. అవి పెళుసుగా ఉండి వంపుల దగ్గర విరుగుతాయి, కేబుల్ ద్వారానే విద్యుత్తు పంపే పీఓఈ పరికరాలకు ఇవి అసలు తగవు. పెట్టె మీద పూర్తి రాగి అన్న మాట స్పష్టంగా ఉండాలి.

కేబుల్ బాగుందో లేదో చెప్పే ఒక అంకె ఉంది, అది 94. వేగ పరీక్షలో ఎన్నిసార్లు చూసినా 94 మెగాబిట్ల దగ్గరే సూది నిలిచిపోతుంటే, ఆ లింకు గిగాబిట్ నుంచి 100 మెగాబిట్లకు దిగిపోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మా పై అంతస్తు గదిలో ఇదే జరిగింది. రౌటర్ కొత్తది, ఒక కేబుల్‌ను పలు కేబుళ్లుగా పంచే స్విచ్ కొత్తది, రెండింటి మీదా గిగాబిట్ అని రాసి ఉంది. కొసన ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఎనిమిది తీగల వరుస కనిపించింది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఏడు తీగల కొసలు కనెక్టర్ అంచుదాకా వచ్చి ఆగాయి. నీలం తీగ ఒక్కటి గోరంత వెనకే నిలిచిపోయి, దాని మీది ఇత్తడి రంగు పన్ను దాన్ని తాకడం లేదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. అందుకే కనెక్షన్ తెగిపోకుండా వేగం ఒక్కటే పదో వంతుకు పడిపోయింది. కనెక్టర్ కత్తిరించి కొత్తది బిగించాక అదే పరీక్ష 940 చూపించింది, గిగాబిట్ పోర్టు నుంచి నికరంగా రాగలిగినది అంతే. రౌటర్ బాగాలేదని మార్చిన ఎన్ని ఇళ్లలో అసలు దోషం ఇలాంటి గోరంత తీగలో ఉందో అనిపిస్తుంది.

కేబుల్ కొసన పెట్టవలసినది యాక్సెస్ పాయింట్. ఇందుకు కొత్తది కొనక్కర్లేదు, అటక మీద ఉన్న పాత రౌటర్ చాలాసార్లు పనికొస్తుంది. దానిలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోవాలి. లేకపోతే పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, ప్రధాన రౌటర్‌తో ఘర్షణ పడని చిరునామా ఇచ్చి, కేబుల్‌ను ఇంటర్నెట్ కోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాక, ఇంట్లోని పరికరాల కోసం ఉన్న ల్యాన్ పోర్టులో పెడితే సరిపోతుంది. కేబుల్ లాగే వీలు ఏ విధంగానూ లేని ఇంట్లో, కేబుల్ టీవీ కోసం వేసిన పాత కోయాక్స్ తీగ ఉంటే, ఆ తీగ మీదే నెట్‌వర్క్‌ను నడిపే మోకా అడాప్టర్లు మంచి ప్రత్యామ్నాయం. కరెంటు తీగల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్ల ఫలితం ఇంటి వైరింగును బట్టి పూర్తిగా మారిపోతుంది కనుక, తిరిగి ఇచ్చే వీలుంటేనే ప్రయత్నించాలి. స్విచ్ విషయానికొస్తే, సెట్టింగులేవీ లేని ఐదు లేదా ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ దాదాపు ఏ ఇంటికైనా సరిపోతుంది, ఫ్యాన్ లేని లోహపు డబ్బాలో ఉన్నదైతే ఇంకా మేలు.

పోర్టుల విషయంలో మోసపోయే అవకాశం రౌటర్ దగ్గరే ఎక్కువ. ఏసీ 1200 (ఏసీ అంటే వైఫై 5 తరం) అని పెట్టె మీద రాసి, వెనక మాత్రం 100 మెగాబిట్ల పోర్టులు బిగించిన రౌటర్లు మార్కెట్లో ఉన్నాయి. మీ కనెక్షన్ 200 మెగాబిట్లదైతే అందులో సగం ఆ పోర్టు దగ్గరే ఆగిపోతుంది, వైఫై ఎంత గొప్పదైనా లాభం లేదు. గిగాబిట్‌కు మించిన కనెక్షన్ ఉన్నవారు 2.5 గిగాబిట్ల పోర్టు కనీసం ఒకటి, వీలైతే రెండు ఉన్నది చూసుకోవాలి. ఒక్కటే ఉంటే, దాని ద్వారా రౌటర్‌లోకి వచ్చిన వేగమంతా ఒకే కేబుల్ మీద ఇంట్లోని పరికరానికి వెళ్లే దారి ఉండదు.

వేగం కంటే ముఖ్యమైనదీ, పెట్టె మీద ఎవరూ రాయనిదీ ఇంకొకటి ఉంది: రద్దీలో జాప్యం. ఇంట్లో ఒకరి ఫోను ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తున్నప్పుడు మరొకరి కాల్‌లో మాట తెగిపోతుంటే, కనెక్షన్ నెమ్మదిదని అందరూ అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు రౌటర్‌లోనో మోడెమ్‌లోనో పెద్ద వరుస పేరుకుపోయి, కాల్ తాలూకు చిన్న ప్యాకెట్లు ఫొటోల వెనక నిలబడటం. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులు ఈ వరుసను న్యాయంగా నడుపుతాయి; సెట్టింగులలో ఎస్‌క్యూఎం అన్న పేరుతో ఇవి కనిపిస్తే, అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగాలను కనెక్షన్ వేగంలో 90 నుంచి 95 శాతానికి పరిమితం చేసి ఆన్ చేయాలి. కొద్దిపాటి వేగాన్ని వదులుకుంటే ఇల్లంతటికీ కాల్స్ నిలకడగా ఉంటాయి. నా దృష్టిలో ఈ ఒక్క సదుపాయం ఉన్న వైఫై 6 రౌటర్, అది లేని వైఫై 7 రౌటర్ కంటే ఎక్కువ విలువైనది. అయితే దీనికి రౌటర్‌లోని ప్రాసెసర్ మీద భారం పడుతుంది కాబట్టి, వేగవంతమైన కనెక్షన్‌కు బలహీనమైన రౌటర్ తట్టుకోలేదు.

తరాల విషయం క్లుప్తంగా చెబుతాను. వైఫై 6 ధ్రువీకరణ 2019లో, వైఫై 7 ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలయ్యాయి. వైఫై 6 తెచ్చిన అసలు ప్రయోజనం చాలా పరికరాలు ఒకేసారి ఉన్నప్పుడు వాటికి గాలిలోని సమయాన్ని పంచడం. ఈరోజు కొనేవారికి అది కనీస ప్రమాణం. వైఫై 6ఈ నుంచి 6 గిగాహెర్ట్జ్ బ్యాండు వచ్చింది, రద్దీ లేని బ్యాండు కాబట్టి అపార్టుమెంట్లలో దాని మేలు ఎక్కువ, గోడలు దాటే శక్తి మాత్రం తక్కువ. ఆ బ్యాండులో ఎంత భాగం వాడుకోవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. వైఫై 7కు పేరు తెచ్చిన 320 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు 6 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ఉంటాయి. అయినా 6 గిగాహెర్ట్జ్ రేడియో లేకుండానే వైఫై 7 అని పేరు పెట్టిన రౌటర్లు అమ్ముతున్నారు. ఆ పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టేవారు లోపల ఏ బ్యాండులున్నాయో చిన్న అక్షరాల్లో చదవాలి.

పరికరం ఎంతకాలం బతుకుతుందన్నది దాని ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లను బట్టి ఉంటుంది. తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డులే మార్చకుండా వదిలేసిన కెమెరాలనూ రౌటర్లనూ 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దాడి చేసేవారి చేతిలో పడ్డ పరికరాల దండు) లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. 2017లో వైఫై సంభాషణకు తాళం వేసే డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతిలో క్రాక్ అనే లోపం బయటపడినప్పుడు అప్‌డేట్లు ఆగిపోయిన పరికరాలకు దిద్దుబాటు రాలేదు. కనుక ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పే కంపెనీనే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ నడిచే రౌటర్ అయితే కంపెనీ చేతులెత్తేసినా దాని ఆయుష్షు మిగిలే ఉంటుంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఒక్క మోడల్ సోర్స్ కోడ్ బయటికి రావడంతో 2004లో మొదలైన ఆ ప్రాజెక్టు ఈనాటికీ వందలాది మోడళ్లకు అప్‌డేట్లు ఇస్తోంది. కొన్న రోజునే అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, బటన్ నొక్కో పిన్ కొట్టో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపి, డబ్ల్యూపీఏ2 తర్వాతి తరమైన డబ్ల్యూపీఏ3 పెట్టాలి. పాత పరికరాలు దానితో కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఉన్న మిశ్రమ మోడ్ ఎంచుకోవాలి. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి కనుక, వాటికి గెస్ట్ నెట్‌వర్క్ కేటాయిస్తే అమర్చేటప్పుడు చిక్కూ తగ్గుతుంది, ఇంటి కంప్యూటర్లకు రక్షణా ఉంటుంది.

ఏది కొన్నా తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఒక పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగమూ జాప్యమూ రాసుకోవాలి. తర్వాత కేబుల్ తీసి, రౌటర్ ఉన్న గదిలో ఒకసారి, తలుపులు మూసిన వెనక గదిలో ఒకసారి, ఇంట్లో అందరూ వాడుతున్న సాయంత్రం వేళ మళ్లీ ఒకసారి అదే ల్యాప్‌టాప్‌తో కొలవాలి. కేబుల్ మీద పూర్తి వేగం వచ్చి వెనక గదిలో పడిపోతే రౌటర్‌ను తిరిగి ఇవ్వడం కంటే దాన్ని ఉంచిన చోటును మార్చడమో, ఆ గదిదాకా కేబుల్ లాగడమో చేయాలి. రౌటర్ ఉన్న గదిలోనే వేగం రాకపోతే ఛానెల్ మార్చి చూసి, అప్పటికీ రాకపోతే తిరిగి ఇచ్చేయాలి. కేబుల్ మీదే వేగం తక్కువగా ఉంటే, ఆ కేబుల్‌నూ పోర్టునూ మార్చి చూశాక, రాసుకున్న అంకెలతో కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయాలి.